గోకేముందు చదవాలి: పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కార్ల అసలుతనం, చరిత్ర

అందరికీ నమస్కారం.

పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కారు అనగానే కొనేవాళ్ళ నోట మొదట వచ్చే మాట "మ్యాచింగ్ నంబర్లేనా?" అని. అంటే ఛాసిస్ మీద నంబరూ ఇంజిన్ మీద నంబరూ ఫ్యాక్టరీ రికార్డుతో కలుస్తున్నాయా అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ అక్కడితో ఆగిపోయినవాళ్ళే ఎక్కువగా మోసపోతారు. నంబరు గుద్దడానికి ఒక సుత్తి, పది అంకెల పంచ్‌లు ఉంటే చాలు. కారు అసలుదని తేలాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని సాక్ష్యాలన్నీ ఒకే మాట చెప్పాలి. తలుపు లోపలి అట్ట వెనక బాడీ నంబరు, గేర్‌బాక్స్ మీద అంకె, అన్నిటికన్నా కింద ఉన్న రంగు పొర, రిజిస్ట్రేషన్ పుస్తకంలో యజమానుల వరస, ఎప్పటిదో ఒక రేసు ఫొటో. వీటిలో సగం కారు మీదే ఉంటాయి. రిపేరు పేరుతో మనం ముందుగా చెరిపేసేది వాటినే. ఈ రోజు నేను చెప్పేదంతా ఈ విషయం చుట్టూనే తిరుగుతుంది.

2015 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో జరిగిన బయాన్ సేకరణ వేలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఒక ఎస్టేటులో దశాబ్దాలపాటు కదలకుండా పడి ఉన్న 59 కార్లు. వాటిలో ఒకటి ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్, ఛాసిస్ 2935 జీటీ. నటుడు అలెన్ దెలోన్ ఒకప్పుడు నడిపిన కారు. దాని మీద పాత పత్రికల కట్టలు పేర్చి ఉండేవి, ఆ బరువుకు డిక్కీ మూత సొట్టపోయింది. ఆ సొట్టతో, ఆ దుమ్ముతోనే అమ్మకానికి పెట్టారు. దాదాపు 1 కోటి 63 లక్షల యూరోలు పలికింది. ఆ కారు మీద ఎవరి చెయ్యీ పడలేదు కాబట్టి చదవాల్సిందంతా దాని మీద అలాగే ఉంది. కొన్నవాళ్ళు డబ్బు పెట్టింది దానికే.

ముందు నంబర్ల సంగతి కాస్త వివరంగా చూద్దాం, ఫెరారీతో మొదలుపెట్టి. 1950ల మొదటి నుంచి ఫెరారీ రోడ్డు కార్లకు బేసి అంకెలు, రేసు కార్లకు సరి అంకెలు ఇచ్చింది. ఈ బేసి లెక్క 1980ల దాకా నడిచింది. 250 జీటీఓ రేసుల కోసమే పుట్టినా జీటీ, అంటే రోడ్డు కార్ల తరగతి లెక్కలో చేరింది కాబట్టి దానివి బేసి అంకెలే. డీనో 206, 246 రోడ్డు కార్లే అయినా వాటికి వేరే వరస, అన్నీ సరి అంకెలు. కాబట్టి ఎవరైనా "డీనో 246, నంబరు చివర 7" అంటే అక్కడే ఆగి అడగాలి. 250 తరం కార్లలో ఛాసిస్ నంబరు ముందు సస్పెన్షన్ దగ్గర ఫ్రేమ్ గొట్టం మీద గుద్ది ఉంటుంది. ఇంజిన్ బ్లాక్ మీద వెనక మౌంట్ దగ్గర అదే నంబరు ఉంటుంది. ఈ రెంటినీ అందరూ చూస్తారు, దొంగ ముద్రలు పడేదీ ఈ రెంటి మీదే.

చాలామంది చూడనిది 'నూమెరో ఇంతెర్నో', అంటే ఫ్యాక్టరీ లోపలి నంబరు. ఇంజిన్‌కు ఒకటి, గేర్‌బాక్స్‌కు ఒకటి, వెనక యాక్సిల్‌కు ఒకటి. ఇవి ఛాసిస్ నంబరుతో కలవవు, కలవాల్సిన అవసరం కూడా లేదు. ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మారనెల్లోలో కారు బిగించేటప్పుడు రాసిన షీట్లలో ఇవి నమోదయ్యాయి. ఇంజిన్ షీటులో కార్బొరేటర్ల రకం, డిస్ట్రిబ్యూటర్ రకం, బెంచి మీద పరీక్షించినప్పుడు ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర ఎంత పవర్ వచ్చిందో కూడా రాసి ఉంటుంది. అసలు ఇంజిన్ పోయి, ఇంకో 250 బ్లాక్ తెచ్చి దాని నంబరు గీకి కొత్తది గుద్దినవాళ్ళు చాలాసార్లు ఈ లోపలి నంబరును మరిచిపోతారు, లేదా దాన్ని కూడా గీకేస్తారు. కలవని నంబరైనా, గీకిన మచ్చైనా మనకు చెప్పేది ఒకటే.

ముద్రను ఎలా చూడాలి? టార్చిని ఎదురుగా పెట్టకండి. ఉపరితలానికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. అంకెల చుట్టూ ఉన్న లోహం పక్కనున్న లోహం కన్నా అర మిల్లీమీటరు లోతుగా ఉందా? పోత లోహానికి ఉండే గరుకు పోయి, గ్రైండర్ చక్రం గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తున్నాయా? అప్పట్లో పంచ్‌లను ఒక్కొక్కటిగా చేత్తో గుద్దేవారు. అందుకే అంకెలు కొంచెం ఎగుడుదిగుడుగా, లోతులో తేడాతో ఉంటాయి. గీత గీసినట్టు తిన్నగా ఉంటే అనుమానించాలి. ఇంకో పద్ధతి, పక్క నంబర్ల కార్ల ఫొటోలు సంపాదించడం. ఒకే నెలలో తయారైన కార్ల మీద అవే పంచ్‌లు పడి ఉంటాయి. 3 తోక విరిగిన పంచ్ అయితే ఆ విరుపు పక్క కార్లలోనూ కనిపిస్తుంది.

గీకేసిన నంబరు కూడా పూర్తిగా చావదు. పంచ్ దెబ్బకు అంకె కింద లోహం నలిగి గట్టిపడుతుంది. పైన గీకినా ఆ నలుగుడు లోపల మిగులుతుంది. ఉక్కు మీద మాగ్నెటో ఆప్టికల్ పరికరంతో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంట్ పరికరంతో ఏమీ చెరపకుండా దాన్ని చూడొచ్చు. ఆమ్లం పూసి పైకి తేల్చే పద్ధతి కూడా ఉంది కానీ అది ఫోరెన్సిక్ నిపుణుల పని, ఒక్కసారి చేస్తే మళ్ళీ వెనక్కి రాదు. ఈ కారణంగానే ఛాసిస్ నంబరు ఉన్న చోట శాండ్ బ్లాస్టింగ్ ఎప్పటికీ చేయించకూడదు. ఫ్రేమ్ మొత్తాన్ని బ్లాస్టింగ్‌కు పంపేముందు ఆ ముక్క మీద మందంగా రబ్బరు, దాని మీద రేకు కట్టి పంపాలి. ఇసుక దెబ్బకు ముద్ర అంచులు గుండ్రబడితే ఆ తరవాత అసలు ముద్రకూ దొంగ ముద్రకూ తేడా చెప్పడం ఎవరికైనా కష్టమే.

బాడీకి వేరే నంబరు ఉంటుంది. పినిన్‌ఫరీనా, స్కాల్యెత్తి, బెర్తోనె లాంటి బాడీ కట్టే కంపెనీలు తమ సొంత వరస నంబర్లు వేసుకునేవి. బానెట్ గొళ్ళెం ప్లేటు మీద, తలుపు అట్టల వెనక, కిటికీ చట్రాల మీద, క్రోమ్ పట్టీల లోపలి వైపు గుద్దో, పెన్సిలుతోనో రంగుతోనో రాసో ఉంటాయి. పట్టీలు విప్పినప్పుడు మెకానిక్ ముందు చేసే పని వెనక వైపు వైర్ బ్రష్‌తో రుద్దడం. ఆ బ్రష్‌తో పెన్సిలు రాత పోతుంది. విప్పగానే వెనక వైపు ఫొటో తీయడం, ఆ తరవాతే శుభ్రం చేయడం అనేది షెడ్‌లో గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన నియమం.

ఇప్పుడు నకిలీల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొలతలు మనకు బాగా సాయపడతాయి. ఫెరారీ 250 జీటీఈ నాలుగు సీట్ల కారు, సుమారు 950 తయారయ్యాయి. చాలాకాలం వాటి ధర తక్కువ. అందుకే వాటిని విప్పి, అదే వీ12 ఇంజిన్‌తో జీటీఓ, ఎస్‌డబ్ల్యూబీ (షార్ట్ వీల్‌బేస్), టెస్తా రోస్సా లాంటి ఖరీదైన ఫెరారీల రూపాలు కట్టారు. అలా చాలా జీటీఈలు నాశనమయ్యాయి, వాటి విషయంలో నాకు నిజంగా బాధ. జీటీఈ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2600 మిల్లీమీటర్లు. ఎస్‌డబ్ల్యూబీ, జీటీఓలది 2400. అంటే 200 మిల్లీమీటర్లు ఎక్కడో కోయాలి. ఫ్రేమ్ ప్రధాన గొట్టాలు గుడ్డు ఆకారపు కోతలో ఉంటాయి. కోసి అతికిన చోట వెల్డింగ్ గీత బయట నునుపు చేసినా, గొట్టం లోపలికి సన్నటి కెమెరా పంపితే లోపల వెల్డింగ్ గడ్డ కనిపిస్తుంది. అసలు జీటీఓలు 36 మాత్రమే, ఒక్కొక్కదాని చరిత్రా తెలిసిందే. కాబట్టి జీటీఓ నకిలీతో ఎవరినీ మోసం చేయడం కుదరదు. ప్రమాదం వాటి కింది మెట్టు కార్లలో.

డేటోనా అని అందరూ పిలిచే ఫెరారీ 365 జీటీబీ/4 సంగతి అలాంటిదే. ఫ్యాక్టరీ నుంచి టాప్ లేకుండా వచ్చిన స్పైడర్లు 122. కూపే టాప్ కోసి స్పైడర్ చేసినవి ఎన్నో ఉన్నాయి. ఛాసిస్ నంబరు స్పైడర్ జాబితాలో ఉందో లేదో చూస్తే చాలావరకు తేలిపోతుంది. లంబోర్గినీ మియురా విషయంలో అంత సులువు కాదు. పీ400 ఎస్ కారును దాని తరవాతి రూపమైన ఎస్‌వీగా మార్చినవి చాలా ఉన్నాయి. హెడ్‌లైట్ల చుట్టూ నల్లటి రెప్పలు తీసేయడం, వెనక మడ్‌గార్డులు వెడల్పు చేయడం ఏ డెంటరైనా చేస్తాడు. వెనక సస్పెన్షన్ కింది చేతుల ఆకారం, వాటిని ఫ్రేముకు తగిలించే చోట్లు మారాయా అన్నది చూడాలి. ఆ పని చేయడానికి ఖర్చూ నైపుణ్యమూ కావాలి కాబట్టి చాలామంది వదిలేస్తారు. అసలు ఎస్‌వీలు 150. సాంత్ అగాతాలో లంబోర్గినీ 2015లో పెట్టిన పోలో స్తోరికో విభాగం దగ్గర పాత రికార్డులు ఉన్నాయి.

నా ఉద్దేశంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఆల్ఫా రోమియో జూలియా స్ప్రింట్ జీటీఏ. 1965లో వచ్చింది. మామూలు స్ప్రింట్ జీటీ ఇనుప బాడీ కారు. దీనికి బయటి రేకులన్నీ పెరాలుమాన్ 25 అనే అల్యూమినియం మిశ్రమం, లోపలి చట్రం మాత్రం ఉక్కే. బరువు 745 కిలోలకు దిగింది. ఇంజిన్ 1570 సీసీ, సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు, 45 డీసీఓఈ 14 వెబర్ కార్బొరేటర్లు. రోడ్డు రూపంలో, ఎడమ స్టీరింగు ఉన్న 1600 జీటీఏల ఛాసిస్ నంబర్లు ఏఆర్ 613 వరసలో ఉంటాయి.

నకిలీ జీటీఏ ఎలా తయారవుతుంది? మామూలు స్ప్రింట్ జీటీ తెస్తారు, అల్యూమినియం తలుపులు, బానెట్, డిక్కీ బిగిస్తారు, రెండు ప్లగ్గుల హెడ్ పెడతారు. అయస్కాంతం పట్టుకుని వెళ్ళినవాళ్ళు తలుపు మీద, బానెట్ మీద పెట్టి చూసి "అల్యూమినియమే" అనుకుంటారు. అయస్కాంతాన్ని టాపు మీద, వెనక మడ్‌గార్డు పై భాగంలో, వెనక కిటికీ కింద పెట్టండి. ఊడదీసి మార్చడానికి వీల్లేని రేకులు అక్కడున్నాయి. అసలు కారులో అల్యూమినియం రేకును ఉక్కు చట్రానికి రివెట్లతో బిగించారు, వెల్డింగ్ కుదరదు కాబట్టి. రబ్బరు పట్టీలు ఎత్తితే కింద ఆ రివెట్ల వరస కనిపించాలి. రివెట్లు కొత్తవై, చుట్టూ రేకు మీద పాత రంధ్రాల జాడ లేకపోతే ఎందుకో అడగాలి.

అసలు కారులో ఇంకో జాడ కూడా ఉంటుంది. అరవై ఏళ్ళలో అల్యూమినియం, ఉక్కు తాకిన చోట తెల్లటి పొడి, రివెట్ చుట్టూ రంగు బుడగలు. లోపం లేని జీటీఏ కన్నా ఇలా కొంచెం తిన్న జీటీఏనే నేను ఎక్కువ నమ్ముతాను. ఆల్ఫా పాత రికార్డులు మిలానో దగ్గర ఆరేజేలోని డాక్యుమెంటేషన్ కేంద్రంలో ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి అడిగితే తయారీ తేదీ, అమ్మిన తేదీ, ఎక్కడికి వెళ్ళింది, ఏ రంగు లాంటివి తెలుస్తాయి. ఆల్ఫాలో ఇంజిన్ నంబరూ ఛాసిస్ నంబరూ ఒకటి కావు. ఇంజిన్ నంబరు మొదట్లో ఉండే వరస ఆ మోడల్‌కు తగిందేనా అన్నదే చూడాలి. ఫెరారీ అలవాటుతో వచ్చినవాళ్ళు ఇక్కడ అనవసరంగా గాభరా పడతారు.

కాగితాలు. మనం పొలమో ఇంటిస్థలమో కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం, రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తాం కదా. ఇటలీలో కారుకు అలాంటి ఈసీ ఉంది. 1927లో పెట్టిన పీఆర్ఏ అనే ప్రజా వాహన రిజిస్టరును అక్కడి ఆటోమొబైల్ క్లబ్ ఏసీఐ నడుపుతుంది. దాని నుంచి 'ఎస్త్రాత్తో క్రోనోలోజికో' అనే పత్రం తీసుకోవచ్చు. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ప్రతి యజమాని, అమ్మిన తేదీ, కొన్నిసార్లు అమ్మిన ధర, అప్పు తాకట్టు, చివరికి విదేశాలకు ఎగుమతి చేసి పేరు కొట్టేసిన తేదీ అన్నీ వరసగా ఉంటాయి. అయితే వెతకడానికి తాళం ఛాసిస్ నంబరు కాదు, నంబరు ప్లేటు. 1994 దాకా ఇటలీ ప్లేట్ల మీద జిల్లా అక్షరాలు ఉండేవి: మిలానోకు ఎంఐ, మొదెనాకు ఎంఓ, రోమాకు పూర్తి పేరు. యజమాని వేరే జిల్లాకు మారితే ప్లేటు కూడా మారేది. ఒకే కారుకు మూడు నాలుగు ప్లేట్లు ఉండొచ్చు. ఒక పత్రంలో పాత ప్లేటు, కొత్త ప్లేటు రెండూ కనిపించే చోట గొలుసు కలుస్తుంది. ఆ గొలుసులో అయిదారేళ్ళ ఖాళీ ఉంటే ఆ ఏళ్ళలోనే ప్రమాదమో, ఇంజిన్ మార్పో జరిగి ఉండే అవకాశం ఎక్కువ.

ఫొటోల్లో ప్లేటు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. 'ప్రోవా' అని రాసి ఉన్న ప్లేటు టెస్టు ప్లేటు. దాన్ని ఫ్యాక్టరీ ఒక కారు నుంచి ఇంకో కారుకు మారుస్తూ వాడుకునేది. కాబట్టి ప్రోవా ప్లేటున్న ఫొటో ఏ కారునీ గుర్తించదు. అది పట్టుకుని "ఇదిగో నా కారు" అని చూపించే ఫైళ్ళు ఎన్నో ఉంటాయి. ఇటలీ రోడ్ల మీద జరిగిన మిల్లె మిల్యా రేసు ఫొటోలు మాత్రం బాగా పనికొస్తాయి. 1950లలో ఆ రేసులో కారు మీద రాసిన నంబరు అది బయల్దేరిన సమయం. 1955లో గెలిచిన మెర్సిడెస్ మీద 722 అంటే ఉదయం 7 గంటల 22 నిమిషాలు. చిన్న కార్లు ముందు, రాత్రిపూట బయల్దేరేవి. నంబరును ఆ ఏడాది ఎంట్రీ జాబితాతో పోలిస్తే డ్రైవరు పేరు, కారు రకం తేలతాయి. ఆ తరవాత ఫొటోలో చేత్తో కట్టిన బాడీకి ఉండే తేడాలు వెతకాలి: గాలి సందుల సంఖ్య, పెట్రోలు మూత చోటు, వైపర్లు ఆగే దిక్కు. అచ్చు ఒకేలా ఉండే రెండు బాడీలు ఆ కాలంలో లేవు. ఇప్పటి మిల్లె మిల్యాలో పాల్గొనడానికి 1927 నుంచి 1957 మధ్య ఆ రేసులో నడిచిన మోడళ్ళకే అర్హత, అందుకే ఈ ఫొటోలకు ఇంత గిరాకీ.

కాగితమూ లోహమూ విడిపోతే ఏమవుతుందో 0384 ఏఎం నంబరు ఫెరారీ 375 ప్లస్ చూపించింది. 1954 నాటి రేసు కారు. అమెరికాలో ఒహాయోలో పాడుబడి ఉండగా 1980లలో దొంగతనానికి గురై ఐరోపా చేరింది. అక్కడ దాన్ని మళ్ళీ కట్టారు. అసలు భాగాలు కొన్ని అమెరికాలోనే ఉండిపోయాయి. హక్కుదారులం మేమంటే మేమని రెండు వైపులా కోర్టుకెక్కారు. 2014లో ఒప్పందం మీద వేలం జరిగి కోటి పౌండ్లకు పైగా పలికింది, తరవాత మళ్ళీ కోర్టు కేసులే. కాబట్టి కొనేముందు 'నంబరు నిజమేనా' అన్న ప్రశ్నతో పాటు 'ఈ నంబరు మీద ఇంకెవరికైనా హక్కుందా, ఈ కారు భాగాలు ఇంకెక్కడైనా ఉన్నాయా' అనీ అడగాలి.

ఫ్యాక్టరీ ధ్రువపత్రం గురించి ఒక మాట. మారనెల్లోలో ఫెరారీ క్లాసికె విభాగం 2006 నుంచి పనిచేస్తోంది, 20 ఏళ్ళు దాటిన కార్లను పరీక్షించి ధ్రువపత్రం ఇస్తుంది. దాన్ని చదివేటప్పుడు 'అసలుది' అన్న మాటకూ 'అసలు నిర్దేశానికి సరిపోయేది' అన్న మాటకూ తేడా గమనించండి. పోయిన బ్లాక్ స్థానంలో పాత డ్రాయింగుల ప్రకారం కొత్తగా పోసిన బ్లాక్ రెండో రకంలోకి వస్తుంది. అది మంచి పనే, దాచనంతవరకు. ధర మాత్రం రెంటికీ ఒకటి కాదు.

ఇక కారు మీ షెడ్‌కు వచ్చింది. మొదటి రెండు వారాలు రెంచి ముట్టుకోకండి. నాలుగు వైపులా, కింద, లోపల, ప్రతి అడుగుకూ ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి. అద్దాల మూలల్లో చెక్కిన ముద్రలు రాసుకోండి. 1950ల కారులో 1960లలో వచ్చిన సికుర్సివ్ ముద్ర ఉన్న అద్దం కనిపిస్తే ఆ అద్దం మారిందని తెలుస్తుంది, ఒక్కోసారి ఆ పక్కన రేకు కూడా మారి ఉంటుంది. వెబర్ల మీద రకం నంబరు, మరెల్లీ డిస్ట్రిబ్యూటర్ మీద నంబరు, బొర్రాని చక్రాల మీద ఆర్‌డబ్ల్యూ నంబరు, వెలియా మీటర్ల వెనక ముద్రలు, అన్నీ ఒక పట్టికలో.

తరవాత రంగు మందం కొలిచే మీటరు. ఇనుముకూ అల్యూమినియానికీ రెంటికీ పనిచేసేది కొనాలి. ఇనుము మాత్రమే కొలిచే చవక మీటరు అల్యూమినియం బానెట్ మీద ఏమీ చూపించదు. ప్రతి రేకునూ జానెడు ఎడంతో కొలిచి బొమ్మ మీద రాయండి. చేత్తో కట్టిన బాడీలో ఫ్యాక్టరీ రోజుల్లోనే కొంత పుట్టీ, సీసం ఉంటాయి, కాబట్టి అంకెలు ఎగుడుదిగుడుగా ఉండటం సహజం. ఒక పక్క 150 నుంచి 250 మైక్రాన్లు ఉండి, ఎదురు పక్క అదే చోట 1000 దాటితే మాత్రం అక్కడ దెబ్బ తగిలి పుట్టీ పెట్టారన్నమాట.

మొదటి రంగు కనుక్కోవడానికి ఎవరికీ కనిపించని చోటు చూడాలి: డ్యాష్‌బోర్డు వెనక, తలుపు గొళ్ళెం కింద, వెనక లైటు గిన్నె లోపల. రూపాయి బిళ్ళంత చోట 800, తరవాత 1500, తరవాత 2500 నంబరు నీటి కాగితంతో ఏటవాలుగా అరగదీస్తే పొరలు వలయాలుగా తేలతాయి. లోహం దగ్గర ప్రైమర్, దాని మీద మొదటి రంగు. ఎర్ర కారు కింద బూడిద రంగో, ముదురు నీలమో తేలడం చాలా మామూలు. 1970ల తరవాత కార్లన్నిటినీ ఎర్రగా మార్చేసిన రోజులు నడిచాయి. ఫ్యాక్టరీ కాగితంలో ఉన్న రంగు ఈ వలయంలో తేలితే ఒకేసారి రెండు సాక్ష్యాలు కలిసినట్టు. ఆ వలయాన్ని మళ్ళీ కప్పేయకుండా అలాగే ఉంచండి.

పాత రంగు నిలబడి ఉంటే పాలిష్ విషయంలో చెయ్యి బిగబట్టుకోవాలి. దాని మీద క్లియర్ కోట్ ఉండదు. గుడ్డకు రంగు అంటుతోందంటే అసలు రంగే పోతోందన్నమాట. అంచుల మీద, బాడీ గీతల మీద పొర సగమే ఉంటుంది, ముందు తేలేది అక్కడే. యంత్రంతో రుద్దొద్దు. అమోనియా ఉన్న క్లీనర్లు వద్దు. సిలికోన్ పాలిష్ అసలే వద్దు, రేపు ఎక్కడైనా రంగు కలపాల్సి వస్తే అక్కడ పొర నిలవదు. సీటు తోలు చిరిగితే వెనక నుంచి పలచటి గుడ్డ అతికి ఆపండి, కొత్త తోలు కుట్టించడం ఆఖరి మార్గం. కారు ఉండే గదిలో తేమ 50 శాతం దగ్గర ఉండాలి. 65 దాటితే తోలుకు బూజు, 40కి దిగితే నార్డి స్టీరింగు చెక్కకు పగుళ్ళు. విశాఖ లాంటి తీర నగరంలో డీహ్యుమిడిఫైయర్ లేకుండా ఇలాంటి కారు ఉంచడం దానికి అన్యాయమే.

విప్పక తప్పని పరిస్థితి కూడా ఉంది. తూరింగ్ కంపెనీ సూపర్‌లెజ్జెరా బాడీలు, మాసెరాటి 3500 జీటీ, లంబోర్గినీ 350 జీటీ లాంటివి తీసుకోండి. సన్నటి ఉక్కు గొట్టాల పంజరం, దాని చుట్టూ అంచులు మడిచిన అల్యూమినియం రేకు. రెండు లోహాలు తాకకుండా మధ్యలో గుడ్డ చుట్టేవారు. ఆ గుడ్డ నీరు పీల్చుకుంటుంది. నీటిలో ఉప్పు చేరితే అల్యూమినియం కరగడం మొదలవుతుంది, ఉక్కు తుప్పు ఉబ్బి మడతను బయటికి తోస్తుంది. తలుపు కింది అంచు, చక్రాల గిన్నెల అంచు, ముందు అద్దం కింద ముందుగా పోతాయి. ఇక్కడ చూస్తూ ఊరుకుంటే ఏటా అసలు లోహం తగ్గిపోతుంది. మడతను మెల్లగా తెరవాలి. పాత అల్యూమినియం పెళుసుబారి ఉంటుంది, వేడి చేయకుండా మడత తిప్పితే అంచు వెంట చీలుతుంది. గొట్టాన్ని శుభ్రం చేసి ఎపాక్సీ ప్రైమర్ వేసి, గుడ్డ స్థానంలో నీరు పీల్చని పట్టీ పెట్టి, రేకులో పోయిన అంగుళమో రెండంగుళాలో మాత్రమే కొత్త ముక్క అతకాలి. రేకు మొత్తం కొత్తది కొట్టిస్తే పని సులువు, ఖర్చు కూడా ఒక్కోసారి తక్కువే. కానీ 1960లలో మిలానోలో ఒక పనివాడు కొట్టిన సుత్తి దెబ్బలు ఆ రేకు లోపలి వైపు ఉన్నాయి. వాటిని తీసుకెళ్ళి పాతసామాన్ల కొట్టులో వేయడం నాకు మనస్కరించదు.

మార్చిన ప్రతి భాగం మీద, కనిపించని వైపు, మార్చిన ఏడాది ముద్ర వేయండి. తీసిన పాత భాగాన్ని సంచిలో పెట్టి, చీటీ కట్టి, కారుతోనే ఉంచండి. ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఫీవా 2013 నాటికి ఖరారు చేసిన టొరినో ఛార్టర్ చెప్పేదీ ఇదే: అవసరమైనంతే తాకు, చేసిందాన్ని రాసిపెట్టు, కొత్తదేదో తెలిసేలా ఉంచు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

(సభ నుంచి: ఇలాంటి కార్లు నడపొచ్చా, అలా దాచుకోవాల్సిందేనా సార్?)

నడపాలండి. నిలబెట్టిన కారుకు సీల్స్ ఎండిపోతాయి, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. అయితే నడపడానికి వేరే సామాను పెట్టుకోండి. కంపన్యోలో అనే కంపెనీ చేసిన పాత మెగ్నీషియం చక్రాలకు కంటికి కనిపించని పగుళ్ళు వస్తాయి. పగుళ్ళలోకి రంగు పట్టించి చూసే డై పెనెట్రాంట్ పరీక్ష చేయించకుండా వాటి మీద రోడ్డెక్కొద్దు. వాటిని, పాత టైర్లతో సహా, పొడి గదిలో దాచి, రోడ్డుకు కొత్త చక్రాలు, కొత్త టైర్లు వాడండి. పాత కొలతల్లో పిరెల్లీ, మిషెలిన్ ఇప్పటికీ టైర్లు చేస్తున్నాయి. పెట్రోలు ఇంకో సమస్య. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఎథనాల్ కలిపినది. ఎథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, గాలిలో తేమ పీల్చి ట్యాంకు అడుగున నీరుగా దిగుతుంది, వెబర్ల లోపల తెల్లటి తుప్పు పట్టిస్తుంది. పైపులన్నీ వైటాన్ పొర (ఎథనాల్‌ను తట్టుకునే రబ్బరు) ఉన్నవి వేయించండి. పాత పైపుల క్లిప్పులు దాచిపెట్టి అవే మళ్ళీ బిగించండి. నెల రోజులకు మించి కారు కదలదనుకుంటే కార్బొరేటర్లలో పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్లు ఖాళీ చేసేయండి.

(సభ నుంచి: మన దగ్గర ఇలాంటివి ఎక్కడున్నాయండి? చూద్దామన్నా కనపడవు.)

ఫెరారీలు మన వీధుల్లో తిరగలేదు, నిజమే. కానీ ఒక సంబంధం ఉంది. 1947లో టొరినోలో చిసితాలియా 202 వచ్చింది, పినిన్ ఫరీనా బాడీ. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం దాన్ని శాశ్వత సేకరణలో పెట్టుకుంది. దాని ఇంజిన్‌కు మూలం ఫియట్ 1100, 1089 సీసీ. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసిన, మన ఊళ్ళలో డాక్టర్ల ఇళ్ళ ముందు కనిపించిన ఫియట్ 1100, తరవాత పద్మిని, అదే కొలతల ఇంజిన్ వంశానివి. నేను చెప్పిన పద్ధతులన్నీ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బండి లేదు. మీ తాతగారి ఫియట్ ఆర్సీ, పాత ఇన్సూరెన్స్ కాగితాలు, పెళ్ళి ఫొటోల్లో నంబరు ప్లేటు, ఇంజిన్ నంబరు, డ్యాష్‌బోర్డు వెనక రంగు. ఇవన్నీ ఒక ఫైలులో చేర్చండి. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా 'వీఏ' నంబరు ప్లేటుతో రిజిస్టర్ చేయించుకోవచ్చు, అక్కడా ఈ ఫైలు అక్కరకొస్తుంది.

(సభ నుంచి: 1963లోనే ఫ్యాక్టరీ వాళ్ళు ఇంజిన్ మార్చేశారనుకోండి. అప్పుడు కారు విలువ పోయినట్టేనా?)

లేదండి. రేసులో ఇంజిన్ పగిలి, మారనెల్లోలోనే ఇంకొకటి బిగించి ఉంటే, ఆ రెండో ఇంజిన్‌కు కూడా దాని లోపలి నంబరు ఉంటుంది, సర్వీసు కాగితమో బిల్లో ఎక్కడో మిగిలి ఉండొచ్చు. అది ఆ కారు జీవితంలో జరిగిన సంగతి, తప్పు కాదు. దాని మీద ఛాసిస్ నంబరు గుద్దించొద్దు. గుద్దించిన రోజు నుంచి అసలు నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. మొదటి ఇంజిన్ ఎక్కడైనా బయటపడితే వీలైతే కొనండి, స్టాండు మీద పెట్టి కారు పక్కనే ఉంచండి. కారులో ఏది ఉండాలో తొందరపడి తేల్చక్కర్లేదు. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయని, ఏది ఎప్పుడు బిగించారో ఫైలులో రాసి ఉందని చూసుకోండి. అమ్మేటప్పుడు రెండూ కలిపే అమ్మండి.